ఇంటి విక్రయంలో విక్రేత వెల్లడి బాధ్యత

ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలం వంటి స్థిరాస్తిని అమ్మే వ్యక్తి, ఆ ఆస్తిలో గాని, దానిపై తనకున్న హక్కులో గాని ముఖ్యమైన లోపమేదైనా ఉన్నట్లు తనకు తెలిసియున్నచో, దానిని కొనబోయే వ్యక్తికి ముందుగానే తెలియజేయవలసిన చట్టబద్ధమైన కర్తవ్యాన్ని విక్రేత వెల్లడి బాధ్యత అంటారు. భారతదేశంలో ఈ బాధ్యతకు ప్రధాన ఆధారం ఆస్తి బదిలీ చట్టం, 1882 లోని 55వ సెక్షన్. దీనికి తోడుగా భారత ఒప్పందాల చట్టం, 1872, నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963 వర్తిస్తాయి. బిల్డర్లు కొత్తగా కట్టి అమ్మే ఇళ్ళ విషయంలో స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016 కూడా వర్తిస్తుంది. ఈ చివరిది 'రేరా' అనే పొట్టిపేరుతో ప్రసిద్ధం.

సామాన్య కుటుంబీకుడు జీవితంలో చేసే అతిపెద్ద కొనుగోలు ఇల్లే. ఇరవై ఏళ్ళ బ్యాంకు ఋణంతో కొన్న ఇంట్లో దిగిన తరువాత, అది చెరువు శిఖం భూమి అనో, అమ్మినవాని అక్కచెల్లెళ్ళకు అందులో వాటా ఉన్నదనో తెలిస్తే ఆ కుటుంబం కోలుకోవడం కష్టం. అందువలన అమ్మేవాడు ఏది చెప్పి తీరాలి, ఏది చెప్పకపోయినా తప్పు కాదు అన్న గీతను చట్టం ఎక్కడ గీసిందో తెలుసుకొనడం అవసరం.

నేపథ్యం

అమ్మకంలో దాపరికం ఉండరాదన్న భావన మనదేశంలో పాతదే. కల్తీ కలిసినదానిని, లోపమున్నదానిని, తూకం తగ్గినదానిని, కప్పిపెట్టినదానిని అమ్మరాదని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం చెబుతున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలో ఇళ్ళు, తోటలు, చెరువుల అమ్మకానికి ప్రత్యేకంగా ఒక ప్రకరణమున్నది. దాని ప్రకారం, అమ్మదలచిన ఇంటి ముందు ఇరుగుపొరుగు కుటుంబాలవారిని సమావేశపరచి, వారు వింటుండగా ఆస్తి హద్దులను ఉన్నవి ఉన్నట్లుగా ప్రకటించాలి. జ్ఞాతులకు, పొరుగువారికి, అప్పు ఇచ్చినవారికి కొనుగోలులో మొదటి అవకాశం ఇవ్వాలి. ఆస్తిపై ఎవరికి ఏ హక్కు ఉన్నా అది ఆ బహిరంగ ప్రకటన సమయంలోనే బయటపడేది. నేటి రిజిస్ట్రేషను పుస్తకాలు చేసే పనిని ఆనాడు ఆ వీధిలోనివారి జ్ఞాపకశక్తి చేసినదని అనుకోవచ్చు.

ఆధునిక చట్టం మాత్రం ఇంగ్లండు నుండి వచ్చినది. అక్కడ ఆస్తి అమ్మకాలలో పాత సూత్రం 'కొనేవాడే జాగ్రత్తపడాలి' అన్నది. ఇల్లు ఎలా ఉన్నదో చూచుకొనవలసినది కొనేవాడే, అమ్మేవాడు అబద్ధం చెప్పకుంటే చాలు. అయితే హక్కుకు సంబంధించిన దాగియున్న లోపాలను మాత్రం చెప్పాలని ఆంగ్ల న్యాయస్థానాలు క్రమంగా నిర్ణయించాయి. 1882 జూలై 1న అమలులోకి వచ్చిన ఆస్తి బదిలీ చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. హక్కులోని లోపంతో పాటు ఆస్తిలోని భౌతికమైన లోపాన్ని కూడా వెల్లడి బాధ్యతలో చేర్చింది. ఈ ఒక్క విషయంలో మన 19వ శతాబ్దపు చట్టం తన మాతృక కంటె ఉదారమైనది.

55వ సెక్షన్ లోని నియమాలు

ఈ సెక్షన్ అమ్మేవాని, కొనేవాని హక్కులను, బాధ్యతలను ఒకచోట చేర్చి చెబుతుంది. మొదటి ఉపసెక్షన్ లోని మొదటి ఖండం మన విషయానికి మూలం. ఆస్తిలో గాని, దానిపై విక్రేతకున్న హక్కులో గాని ఏదైనా ముఖ్యమైన లోపం ఉండి, అది విక్రేతకు తెలిసి, కొనుగోలుదారుకు తెలియక, కొనుగోలుదారు సాధారణమైన జాగ్రత్తతో కనిపెట్టజాలనిదైనచో, దానిని విక్రేత వెల్లడించాలి. విద్యార్థులు ఈ వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చదవడం మంచిది, ఎందుకంటే ఇందులో నాలుగు షరతులు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి: లోపం ముఖ్యమైనదై ఉండాలి, అమ్మేవానికి తెలిసి ఉండాలి, కొనేవానికి తెలియకుండా ఉండాలి, మామూలు జాగ్రత్తకు దొరకనిదై ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈ ఖండం క్రింద బాధ్యత లేదు.

తరువాతి ఖండాలు కూడా వెల్లడికి సంబంధించినవే. కొనుగోలుదారు అడిగినప్పుడు, తన వద్ద ఉన్న లేక తాను తెప్పించగల హక్కు పత్రాలన్నిటినీ విక్రేత చూపించాలి. ఆస్తి గురించి, హక్కు గురించి కొనుగోలుదారు అడిగిన సంబంధిత ప్రశ్నలన్నిటికీ తనకు తెలిసినంతవరకు సమాధానం చెప్పాలి. ఈ రెండు బాధ్యతలూ అడిగితేనే పుడతాయి. మొదటిది అడగకపోయినా ఉంటుంది. ఒప్పందం నాటి నుండి స్వాధీనం అప్పగించే వరకు ఆస్తిని, పత్రాలను ఒక వివేకవంతుడైన యజమాని వలె కాపాడాలి. అమ్మకం తేదీ వరకు చెల్లించవలసిన ఇంటి పన్ను వంటి ప్రభుత్వ బకాయిలను, ఆస్తిపై ఉన్న ఋణభారాలను విక్రేతే తీర్చాలి. భారంతో సహా కొంటున్నట్లు వ్రాసుకొన్నప్పుడు మాత్రం దీనికి మినహాయింపు.

రెండవ ఉపసెక్షన్ చాలా బలమైనది. తాను బదిలీ చేస్తున్నానని చెప్పుకొంటున్న హక్కు నిజంగా ఉన్నదని, దానిని బదిలీ చేసే అధికారం తనకున్నదని విక్రేత కొనుగోలుదారుకు మాట ఇచ్చినట్లే భావించబడుతుంది. పత్రంలో అటువంటి వాక్యం లేకపోయినా చట్టం దానిని చదివిస్తుంది. ఇక్కడ విక్రేతకు లోపం తెలుసునా, తెలియదా అన్న ప్రశ్న రాదు. తెలియక అమ్మినా, హక్కు లేనిచో బాధ్యుడే.

ఈ సెక్షన్ చివరి వాక్యం మరొక ముఖ్యమైన మాట చెబుతుంది. వెల్లడించవలసినదానిని వెల్లడించకపోవడం మోసపూరితమని. అనగా ఒట్టి నిర్లక్ష్యంగా గాక, మోసంగానే చట్టం దానిని చూస్తుంది.

ముఖ్యమైన లోపం

ఏ లోపం ముఖ్యమైనదో చట్టంలో జాబితా లేదు. న్యాయస్థానాలు సాధారణంగా ఉపయోగించే కొలబద్ద 1834 నాటి 'ఫ్లైట్ వర్సెస్ బూత్' అనే ఆంగ్ల తీర్పు నుండి వచ్చినది. లండనులోని కావెంట్ గార్డెన్ లో ఒక దుకాణపు లీజును అమ్మినప్పుడు, పండ్ల వ్యాపారంతో సహా పలు వ్యాపారాలు అక్కడ చేయరాదన్న నిషేధం లీజులో ఉన్న సంగతి ప్రకటనలో పూర్తిగా చెప్పలేదు. చుట్టూ పండ్లు, కూరగాయల సంత ఉన్న చోట దుకాణం కొని ఆ వ్యాపారమే చేయలేకపోవడం చిన్న విషయం కాదు. ముందే తెలిసియుంటే కొనుగోలుదారు ఆ ఒప్పందంలోకే వచ్చియుండేవాడు కాదేమో అనదగినంత పెద్ద తేడా ఉన్నచో, అతడు ఒప్పందం నుండి బయటపడవచ్చునని ఆ తీర్పు సారాంశం.

ఈ కొలబద్దతో మన ఇళ్ళను చూద్దాం. గోడ మీద కనిపించే పగులు, చిన్న వంటగది, ఇరుకైన సందు, ఇంటికి ఎదురుగా వచ్చే వీధి ఇవన్నీ బహిర్గత లోపాలు. కళ్ళతో చూచి తెలుసుకొనదగినవి గనుక విక్రేత నోరు విప్పనవసరం లేదు. తెలుగునాట చాలామంది పట్టించుకొనే వాస్తు సంగతులు, వీధిపోటు, నైరుతిలో బావి వంటివి, చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. అవి నిజంగా దోషాలా కాదా అన్న చర్చ అవసరం లేకుండానే, కనిపించేవి గనుక వెల్లడి బాధ్యత లేదు.

గుప్త లోపాల సంగతి వేరు. ఇంటి క్రిందుగా పూడ్చివేసిన పాత నాలా, స్లాబులో తుప్పు పట్టిన ఇనుము, పాత బావిని చెత్తతో పూడ్చి దానిపై వేసిన గది పునాది, వాన పడితే నేలమాళిగలోకి ఊరే నీరు, రోడ్డు వెడల్పు కోసం మునిసిపాలిటీ ఇచ్చిన నోటీసు, అనుమతి లేకుండా వేసిన పై అంతస్తు. వీటిలో చివరి రెండు గోడలలో కాదు, కాగితాలలో ఉన్నవి. అయినా ఇంటి విలువను తినివేసేవే.

కొన్ని సందర్భాలు గీతకు అటూ ఇటూ ఊగుతాయి. బోరు బావి సంగతి చూడండి. ఆశ్వయుజంలో ఇల్లు చూపించినప్పుడు మోటారు వేయగానే నీళ్ళు పొంగుతాయి. చైత్రం నుండి మృగశిర వరకు చుక్క రాదు. అమ్మేవానికి ఇది ప్రతి ఏడూ అనుభవమే. కొనేవాడు వీధిలో ఇద్దరిని అడిగితే తెలిసిపోతుంది. అలా అడగడం సాధారణ జాగ్రత్తలో భాగమే అనుకుంటే బాధ్యత లేదు. కాని ఆ ఒక్క ఇంటి బోరే ఎండిపోతున్నదై, మిగిలినవారికి తెలియని సంగతి అయితే, వెల్లడించవలసినదే అనిపిస్తుంది. 'ఎండాకాలం నీళ్ళు ఉంటాయా' అని కొనేవాడు నోరారా అడిగినచో ఇక ఊగిసలాట లేదు. సమాధానం నిజంగా చెప్పాలి.

ఇంట్లో ఆత్మహత్యగాని, హత్యగాని జరిగిన సంగతి చెప్పాలా అన్నది తరచుగా అడిగే ప్రశ్న. మన చట్టం దీనిని ప్రత్యేకంగా ప్రస్తావించలేదు. 55వ సెక్షన్ ఆస్తిలోని, హక్కులోని లోపం గురించే మాట్లాడుతుంది గనుక, అడగనంతవరకు చెప్పవలసిన బాధ్యత ఉన్నదని వాదించడం కష్టం. అడిగినప్పుడు అబద్ధం చెప్పడం వేరే విషయం.

సాధారణ జాగ్రత్త

కొనుగోలుదారు కళ్ళు మూసుకొని కొని, తరువాత చెప్పలేదని వాపోవడానికి వీలులేదు. ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షన్ లో 'నోటీసు' అన్న పదానికి ఇచ్చిన అర్థం ఇక్కడ పనికివస్తుంది. ఒక సంగతి నిజంగా తెలిసిన వానికే గాక, విచారించవలసిన చోట బుద్ధిపూర్వకంగా విచారించకుండా ఉన్నవానికి, తీవ్రమైన నిర్లక్ష్యం చూపినవానికి కూడా అది తెలిసినట్లే లెక్క. రిజిస్టరైన పత్రంలోని సంగతి తరువాత ఆ ఆస్తిని పొందేవానికి తెలిసినట్లే భావించబడుతుంది. ఆస్తి మరొకరి స్వాధీనంలో ఉన్నచో, ఆ వ్యక్తికి ఏదైనా హక్కు ఉంటే అది కూడా తెలిసినట్లే. కాబట్టి ఇంట్లో అద్దెకున్నవారిని 'మీరు ఏ హోదాలో ఉన్నారు' అని అడగకుండా కొనడం ప్రమాదకరం.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఇచ్చే ఋణభార ధ్రువపత్రం, వాడుకలో 'ఈసీ', ఈ జాగ్రత్తలో మొదటి మెట్టు. అయితే ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. హక్కు పత్రాలను బ్యాంకులో కుదువ పెట్టి తెచ్చిన అప్పు, రిజిస్టరు కాని విభజన ఒప్పందం, కోర్టులో నడుస్తున్న దావా, నోటిమాట కౌలు ఇందులో కనిపించకపోవచ్చు. పత్రాల కుదువపై ఇచ్చిన బ్యాంకు ఋణాల కొరకు 2011లో కేంద్ర ప్రభుత్వం 'సెర్సాయ్' అనే కేంద్రీయ రిజిస్ట్రీని నెలకొల్పింది. రుసుము చెల్లించి ఎవరైనా అందులో వెదకవచ్చు. ఈసీ చేతికి రాగానే ఆస్తి నిష్కళంకమని నమ్మడం మన సమాజంలో పాతుకుపోయిన పొరపాటు. మనదేశంలో రిజిస్ట్రేషను ఒక పత్రం నమోదైనదనడానికి సాక్ష్యమే గాని, అమ్మినవానికి హక్కు ఉన్నదని ప్రభుత్వం ఇచ్చే హామీ కాదు.

హక్కులోని లోపాలు: తెలుగు రాష్ట్రాలలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తరచుగా తగవులకు దారితీసే హక్కు లోపాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది ఉమ్మడి కుటుంబపు వాటాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ ద్వారా 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహిత కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానమైన జన్మహక్కు లభించింది. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్ర సవరణ దానిని వివాహితలతో సహా కుమార్తెలందరికీ, దేశమంతటికీ వర్తింపజేసింది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంకను చాలా ఊళ్ళలో అన్నదమ్ములు మాత్రమే సంతకాలు చేసి తాతగారి ఇంటిని అమ్ముతుంటారు. తనకు అక్క ఉన్నదని, ఆమె సంతకం లేదని అమ్మేవానికి తెలియకపోవడం ఎట్లా సాధ్యం? ఇది హక్కులోని ముఖ్యమైన లోపానికి చక్కని ఉదాహరణ.

రెండవది అసైన్డు భూములు. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూముల అమ్మకాన్ని 1977 నాటి 9వ నంబరు చట్టం నిషేధించింది. ఆ నిషేధానికి విరుద్ధంగా జరిగిన అమ్మకం చెల్లదు. తరువాతి కాలంలో కొన్ని సడలింపులు వచ్చినా, నగరాల అంచులలో ఇటువంటి భూములను ఇళ్ళ స్థలాలుగా విడగొట్టి అమ్మడం వలన ఎందరో నష్టపోయారు. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూముల రిజిస్ట్రేషన్లను ఆపేందుకు రిజిస్ట్రేషను చట్టంలో 22-ఎ సెక్షన్ ను 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రవేశపెట్టారు. కొనదలచిన సర్వే నంబరు ఈ నిషేధిత జాబితాలో ఉన్నదేమో చూచుకొనడం నేడు సాధారణ జాగ్రత్త క్రిందికే వస్తుంది.

మూడవది చెరువులు. హైదరాబాదు చుట్టుపక్కల చెరువుల పూర్తి నీటిమట్టపు హద్దు లోపల కట్టడాలు నిషిద్ధం. 2012 నాటి భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఆ హద్దు నుండి మరికొంత మేర, 10 హెక్టార్లు లేక అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటె చిన్నదానికి 9 మీటర్లు, ఖాళీగా వదలాలి. ఎండాకాలంలో ఆ నేల ఆటస్థలంలా ఉంటుంది. కొనేవానికి అది చెరువు అని తోచదు. 2024 జూలైలో ఏర్పడిన 'హైడ్రా' సంస్థ ఇటువంటి కట్టడాలను కూల్చివేసినప్పుడు, కొన్నవారిలో అనేకులు తమకు ఎవరూ చెప్పలేదని మొరపెట్టుకొన్నారు. నష్టపోయిన కొనుగోలుదారు పోరాడవలసినది ముఖ్యంగా తనకు అమ్మినవానితోనే. 55వ సెక్షన్ అందుకు ఆయుధం. కాని అమ్మినవాడు దొరకాలి, వానివద్ద తిరిగి ఇవ్వడానికి సొమ్ము ఉండాలి.

నాల్గవది జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అనగా జీపీఏ ద్వారా జరిగే అమ్మకాలు. అధికార పత్రం, విక్రయ ఒప్పందం, వీలునామా కలిపినంత మాత్రాన యాజమాన్యం బదిలీ కాదని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు యజమాని ఇచ్చిన అధికారంతో ఆయన తరఫున రిజిస్టరు చేయించే అమ్మకం వేరు. జీపీఏనే హక్కుపత్రంగా చూపి అమ్మడం వేరు. విక్రేత తన చేతిలో ఉన్నది ఏదో దాచరాదు.

కోర్టులో దావా నడుస్తుండగా ఆస్తిని కొన్నవాడు ఆ తీర్పుకు కట్టుబడవలసి ఉంటుంది. ఇది అదే చట్టంలోని 52వ సెక్షన్. దావా సంగతి తెలియదనడం ఇక్కడ రక్షణ కాదు గనుక, విక్రేత దానిని దాచడం కొనుగోలుదారుకు ముఖ్యంగా హాని చేస్తుంది.

మౌనం, దాపరికం

ఒప్పందాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం, మౌనం తనంతట తాను మోసం కాదు. మాట్లాడవలసిన బాధ్యత ఉన్నప్పుడు, లేక మౌనమే మాటతో సమానమైనప్పుడు అది మోసమవుతుంది. చట్టంలోనే ఇచ్చిన గుఱ్ఱం ఉదాహరణ న్యాయశాస్త్ర విద్యార్థులందరికీ పరిచితం. గుఱ్ఱానికి జబ్బున్నదని చెప్పకుండా వేలంలో అమ్మినవాడు మోసగాడు కాడు. కొనేది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన అతని కుమార్తె అయినచో చెప్పాలి. 'నీవు కాదనకుంటే గుఱ్ఱం బాగున్నదని అనుకొంటాను' అన్నప్పుడు ఊరకుండటం కూడా చెప్పడమే.

గుఱ్ఱానికి, ఇంటికి ఉన్న తేడా ఇదే. ఇంటి విషయంలో మాట్లాడవలసిన బాధ్యతను 55వ సెక్షన్ ముందే విధించింది గనుక, అక్కడ మౌనం నేరుగా 17వ సెక్షన్ పరిధిలోకి వచ్చిపడుతుంది.

మౌనానికి, చురుకైన దాపరికానికి భేదమున్నది. అమ్మకానికి ముందు పగుళ్ళలో పుట్టీ నింపి రంగు వేయించడం, చెమ్మగోడకు అడ్డంగా బీరువా పెట్టడం, నోటీసు అంటించిన తలుపును మార్చివేయడం రెండవ తరగతిలోనివి. 19వ సెక్షన్ లోని మినహాయింపు ప్రకారం, మౌనంతో జరిగిన మోసమైతే, కొనుగోలుదారు మామూలు శ్రద్ధతో నిజం కనుగొనగలిగియుంటే ఒప్పందాన్ని రద్దు చేయలేడు. చురుకైన దాపరికానికి ఈ మినహాయింపు లేదు. దాచినవాడే 'నీవు వెదకవలసింది' అనడానికి చట్టం ఒప్పుకొనదు.

విరుద్ధమైన ఒప్పందం

55వ సెక్షన్ మొత్తం ఒక మాటతో మొదలవుతుంది: దీనికి విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు. అనగా ఇరుపక్షాలు ఈ బాధ్యతలను మార్చుకొనవచ్చు. 'ఉన్నది ఉన్నట్లుగా' కొంటున్నట్లు, ఆస్తిని, పత్రాలను పరిశీలించి సంతృప్తి చెందినట్లు ముద్రిత నమూనాలలో వ్రాసేది ఇందుకే. బ్యాంకులు వేలం వేసే ఇళ్ళ ప్రకటనలలో ఈ షరతు తప్పక ఉంటుంది. అటువంటి షరతు సాధారణ లోపాల బాధ్యతను తగ్గించవచ్చు గాని, తెలిసి తెలిసి చేసిన మోసానికి కవచం కాదు.

తెలుగు దస్తావేజులలో దీనికి ఎదురుగా మరొక సంప్రదాయమున్నది. ఈ ఆస్తిపై ఏ తాకట్టు, జప్తు, పూర్వక్రయం, కోర్టు తగాదా లేవని, ఏవైనా బయటపడితే తన ఇతర ఆస్తులనుండి నష్టం పూడ్చుకొనవచ్చునని విక్రేత వ్రాసి ఇస్తాడు. దస్తావేజు లేఖరులు దీనిని అలవాటుగా వ్రాస్తారు, కక్షిదారులు చదవకుండానే సంతకం చేస్తారు. నిజానికి కొనుగోలుదారుకు ఉపయోగపడే వాక్యాలలో ఇది ఒకటి. సెక్షన్ 55(2) ఇచ్చే రక్షణను ఇది స్పష్టమైన మాటలలో నిలుపుతుంది.

కొనుగోలుదారు చెప్పవలసినది

చట్టం ఒకవైపే చూడదు. 55(5) ప్రకారం, విక్రేతకున్న హక్కు స్వభావం, పరిమాణం గురించి విక్రేతకు తెలియని సంగతి ఒకటి కొనుగోలుదారుకు తెలిసి, దానివలన ఆ హక్కు విలువ గణనీయంగా పెరిగేటట్లయితే, అతడు దానిని విక్రేతకు చెప్పాలి. ఒక వితంతువు, భర్త ఆస్తిపై తనకు జీవించినంతకాలం అనుభవించే హక్కు మాత్రమే ఉన్నదనుకొని తక్కువ ధరకు అమ్ముతున్నదనుకొందాం. హిందూ వారసత్వ చట్టం, 1956 లోని 14వ సెక్షన్ వలన అది ఆమెకు సంపూర్ణ హక్కుగా మారినదని కొనేవానికి తెలుసు. అతడు చెప్పకుండా కొన్నచో, అది కూడా మోసపూరితమే.

ఇది హక్కుకు సంబంధించిన సంగతులకే పరిమితం. ఆ ప్రక్కనుండి రింగు రోడ్డు రాబోతున్నదని ముందుగా తెలుసుకొని కొనేవాడు ఆ సంగతి చెప్పనక్కరలేదు. భూమిలో గని ఉన్నదని తెలిసి కొన్నా చెప్పనక్కరలేదని 18వ శతాబ్దం చివరనే ఆంగ్ల న్యాయస్థానం అభిప్రాయపడింది. ఇది న్యాయమా అన్నది వేరే ప్రశ్న.

దాచినచో పరిణామాలు

విక్రయ పత్రం రిజిస్టరు కాకముందే లోపం బయటపడితే కొనుగోలుదారు స్థితి మెరుగు. అతడు మిగిలిన సొమ్ము చెల్లించడానికి నిరాకరించి, ఇచ్చిన అడ్వాన్సును వడ్డీతో కోరవచ్చు. ముందుగా చెల్లించిన సొమ్ముకు ఆ ఆస్తిపైనే అతనికి భారహక్కు ఉంటుంది. భారం లేదని చెప్పి తాకట్టులో ఉన్న ఇంటిని అమ్మజూపినచో, ఆ తాకట్టు విడిపించి బదిలీ చేయమని నిర్దిష్ట ఉపశమన చట్టం 13వ సెక్షన్ క్రింద విక్రేతను బలవంతపెట్టవచ్చు. 1999 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో విక్రయ ఒప్పందాన్ని కూడా రిజిస్టరు చేయవలసిన పత్రాలలో చేర్చినప్పటికీ, స్టాంపు కాగితం మీద వ్రాసుకొని అడ్వాన్సు ఇచ్చిపుచ్చుకొనడం నేటికీ కనిపిస్తుంది. తగవు వచ్చినప్పుడు ఆ కాగితమే చిక్కులు తెచ్చిపెడుతుంది.

రిజిస్ట్రేషను అయిన తరువాత, మోసం కారణంగా అమ్మకాన్ని రద్దు చేయమని దావా వేయవచ్చు, లేక ఇంటిని ఉంచుకొని నష్టపరిహారం కోరవచ్చు. పత్రం రద్దుకు కాలపరిమితి 3 సంవత్సరాలు. అది రద్దుకు ఆధారమైన సంగతులు తెలిసిన నాటినుండి మొదలవుతుంది. తెలిసిన తరువాత కూడా మధ్యవర్తుల మాటలు నమ్మి ఏళ్ళు గడిపినవారు ఈ గడువును పోగొట్టుకొంటారు.

దురుద్దేశంతో దాచినచో అది నేరం కూడా. భారత శిక్షా స్మృతి స్థానంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో వంచన నేరం 318వ సెక్షన్ లో ఉన్నది. నిజాలను దురుద్దేశంతో దాచడం కూడా వంచనే అని అందులో వివరణ ఉన్నది. అయితే ప్రతి సివిలు తగాదాను పోలీసు స్టేషనుకు తీసుకొనిపోవడాన్ని న్యాయస్థానాలు హర్షించవు.

కొత్త ఇళ్ళు, రేరా

బిల్డరుకు, కొనుగోలుదారుకు మధ్య తెలివిడిలో ఉన్న అంతరం మామూలు విక్రేత కంటె చాలా ఎక్కువ. అందుకే 2016 చట్టం, 'అడిగితే చెప్పు' అన్న పద్ధతిని 'అడగకముందే అందరికీ కనబడేటట్లు పెట్టు' అన్న పద్ధతిగా మార్చింది. 2017 మే 1 నుండి ఇది పూర్తిగా అమలులో ఉన్నది.

500 చదరపు మీటర్లకు (సుమారు 600 చదరపు గజాలు) మించిన స్థలంలో, 8 ఫ్లాట్లకు మించి కట్టే ప్రాజెక్టును రాష్ట్ర రేరా సంస్థ వద్ద నమోదు చేయకుండా ప్రకటించరాదు, అమ్మరాదు. నమోదు సమయంలో భూమిపై తనకు చట్టబద్ధమైన హక్కున్నదని, దానిపై భారాలు లేవని, ఉన్నచో దావాలతో సహా వాటి వివరాలేమిటో బిల్డరు ప్రమాణపత్రం ఇవ్వాలి. అనుమతులు, నమూనాలు, బుకింగుల వివరాలు రేరా వెబ్‌సైటులో ఉంచి, మూడు నెలలకొకసారి తాజా చేయాలి. ధరలో 10 శాతానికి మించి తీసుకొనాలంటే ముందుగా వ్రాతపూర్వకమైన విక్రయ ఒప్పందం చేసి రిజిస్టరు చేయించాలి. ప్రకటనలో చూపిన ఈతకొలను కట్టకపోతే 12వ సెక్షన్ క్రింద బాధ్యుడు. స్వాధీనం ఇచ్చిన 5 సంవత్సరాలలోపు కట్టడంలో లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజులలో తన ఖర్చుతో సరిచేయాలి. నమోదు సమయంలో తప్పుడు సమాచారం ఇస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 5 శాతం వరకు జరిమానా.

ఈ చట్టంలో మెచ్చుకొనవలసిన నియమం సెక్షన్ 18(2). భూమిపై హక్కులోని లోపం వలన కొనుగోలుదారుకు నష్టం కలిగితే బిల్డరు పరిహారం చెల్లించాలి, ఆ కోరికకు కాలపరిమితి అడ్డురాదు.

ఫ్లాట్ల నిర్మాణాన్ని సేవగా గుర్తించి, లోపాలపై వినియోగదారుల ఫోరాలకు వెళ్ళవచ్చునని 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది నేటికీ ఉపయోగపడుతున్నది. కాని పదేళ్ళు కాపురమున్న ఇంటిని ఒక గృహస్థు మరొక గృహస్థుకు అమ్మితే, ఆ లావాదేవీ రేరా పరిధిలోకి రాదు. అక్కడ మళ్ళీ 1882 చట్టమే దిక్కు.

ఇతర దేశాలలో

ఇంగ్లండులో పాత సూత్రం పేరుకు మిగిలియున్నా, విక్రేత ఒక సవివరమైన ప్రశ్నావళిని నింపి ఇవ్వడం ఆచారంగా స్థిరపడింది. అందులో అబద్ధం వ్రాస్తే బాధ్యుడు. విక్రేతే ఇంటి సమాచారపు సంపుటిని ముందుగా తయారుచేయాలన్న నియమాన్ని 2007లో ప్రవేశపెట్టి, 2010 మే నెలలో నిలిపివేశారు.

అమెరికాలో ఈ బాధ్యత రాష్ట్రానికొక విధంగా ఉంటుంది. తెలుగువారు అధికంగా స్థిరపడిన కాలిఫోర్నియాలో 1987 నుండి విక్రేత నిర్ణీత పత్రంలో పైకప్పు, పునాది, నీటి గొట్టాలు, వరదముంపు, పొరుగువారితో తగాదాలు మొదలైన వాటిని గూర్చి వ్రాసి ఇవ్వాలి. ఇంట్లో మూడేళ్ళ క్రితం కంటె ముందు జరిగిన మరణాన్ని అడగనంతవరకు చెప్పనక్కరలేదని అక్కడి చట్టమే చెబుతుంది. 1978కి ముందు కట్టిన ఇళ్ళలో సీసం కలిసిన రంగు గురించి తెలిసినది చెప్పడం దేశమంతటా తప్పనిసరి. పైకప్పు కారుతున్న సంగతి దాచిన కేసులో ఫ్లోరిడా సుప్రీంకోర్టు 1985లో ఇచ్చిన తీర్పు, పాత ఆంగ్ల సూత్రాన్ని ఆ రాష్ట్రంలో ప్రక్కకు నెట్టింది.

ఇందుకు సంబంధించి న్యూయార్కు రాష్ట్రంలోని నయాక్ అనే ఊరి ఇంటి కేసు విచిత్రమైనది. ఆ ఇంట్లో దయ్యాలున్నవని యజమానురాలు స్వయంగా పత్రికలలో ప్రచారం చేసి, అమ్మేటప్పుడు మాత్రం పొరుగూరి నుండి వచ్చిన కొనుగోలుదారుకు చెప్పలేదు. 1991లో అప్పీలు కోర్టు అతనిని ఒప్పందం నుండి బయటపడనిచ్చింది. దయ్యాలు ఉన్నాయా లేవా అన్న విచారణలోకి కోర్టు పోలేదు. ఉన్నవని లోకానికి చాటిన మనిషి ఇప్పుడు కాదనరాదని, ఎంత జాగ్రత్తగా ఇల్లు పరిశీలించినా ఆ ప్రచారం సంగతి కొనుగోలుదారుకు తెలిసే వీలు లేదని చెప్పింది. మన 55వ సెక్షన్ లోని 'సాధారణ జాగ్రత్తతో కనిపెట్టజాలనిది' అన్న షరతుకు ఈ తర్కం చాలా దగ్గరగా ఉన్నది.